ఓటు యంత్రం – ఓటరు విశ్వాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రజాస్వామ్యానికి ఎన్నికలు ప్రాణం. ఎన్నికలకు విశ్వాసం ప్రాణం. ఓటును యంత్రం స్వీకరించే కాలంలో ఆ విశ్వాసం ఎలా ఏర్పడుతుంది, ఎలా సడలుతుంది, దానిని నిలుపుకోవడానికి ఏమి చేయాలి అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం, సందేహానికీ అపనిందకూ గల భేదాన్ని గుర్తింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఓడినవాడు తన ఓటమిని అంగీకరించినప్పుడే ఎన్నిక ముగిసినట్లు. గెలిచినవానికి ఫలితాన్ని గురించి ఏ సంజాయిషీ అక్కరలేదు. ఓడిన అభ్యర్థికీ, అతనికి ఓటు వేసి నిరాశతో ఇంటికి మరలిన సామాన్యునికీ మాత్రమే ఆ సంజాయిషీ కావాలి. “నీవు ఓడినమాట నిజం, ఇదిగో నిదర్శనం” అని వారికి చూపగలిగిన ఎన్నికే న్యాయమైన ఎన్నిక. జయాపజయాలకు అతీతమైన ఈ నమ్మకం లేనినాడు ఎంత వైభవంగా జరిగిన ఎన్నికైనా వట్టి తంతుగా మిగిలిపోతుంది.

ఈ నిదర్శనం చూపడం తేలిక కాదు. ఓటు రహస్యంగా ఉండాలి, లెక్క బహిరంగంగా ఉండాలి. ఎవరు ఎవరికి ఓటు వేశారో లోకానికి తెలియరాదు. అందరి ఓట్లూ సక్రమంగా లెక్కకు వచ్చాయని మాత్రం లోకమంతటికీ తెలియాలి. బ్యాంకులో సొమ్ము వేసినవాడు తన ఖాతా పుస్తకంలో పద్దు చూచుకొని తప్పుంటే పట్టుకోగలడు. ఓటరుకు అటువంటి పుస్తకం లేదు, ఉండరాదు. ఉన్నచో ఓటును కొన్నవాడు రుజువు అడుగుతాడు, బెదిరించినవాడు లెక్క అడుగుతాడు. పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండు ధర్మాలను ఒక్కచోట పొసగించడమే ఎన్నికల నిర్వహణలోని అసలు కష్టం.

మన పూర్వులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. తమిళనాట ఉత్తర మేరూరులో లభించిన పదవ శతాబ్దపు శాసనాలు చోళరాజు మొదటి పరాంతకుని నాటి గ్రామసభ ఎన్నికల పద్ధతిని వివరిస్తున్నాయి. అర్హుల పేర్లు వ్రాసిన తాళపత్రాలను కుండలో వేసి, సభ సమక్షంలో ఏమీ తెలియని ఒక బాలునిచేత తీయించేవారు. ఆ పత్రాన్ని అందుకొనే మధ్యస్థుడు ఐదు వేళ్లూ చాచి, విప్పిన అరచేతిలోకి తీసుకోవాలని శాసనం విధించింది. పిడికిలి బిగిస్తే అనుమానం. అరచేయి విప్పితే నమ్మకం. ఆ మధ్యస్థుడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా అతని నిజాయితీ నలుగురి కంటికీ కనబడాలన్నది ఆ నియమంలోని అంతరార్థం.

స్వతంత్ర భారతదేశం 1951–52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిపినప్పుడు ఓటర్ల సంఖ్య 17 కోట్లు దాటింది. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. అందువల్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను, దానిపై గుర్తును ఏర్పరచారు. అటుపిమ్మట అభ్యర్థులందరి పేర్లూ ఉన్న కాగితంపై ముద్ర వేసే పద్ధతి వచ్చింది. కాగితం కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. కాని అదీ నిర్దోషి కాదు. పోలింగు కేంద్రాలను ఆక్రమించి, కట్టలకొద్దీ కాగితాలపై ముద్రలు గుద్ది పెట్టెలు నింపిన సంఘటనలు దేశం నాలుగు చెరగులా జరిగాయి. ‘రిగ్గింగు’ అనే ఆంగ్లపదం పల్లెటూళ్లలో సైతం తెలుగు మాటగా స్థిరపడింది. ముద్ర రెండు గళ్ల మధ్య పడి చెల్లకుండా పోయిన ఓట్లకు కొదవ లేదు. వాటిపై లెక్కింపు బల్లల వద్ద తగవులకూ కొదవ లేదు.

ఈ రుగ్మతలకు మందుగా ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం రూపొందింది. దాని పుట్టుకతో తెలుగు గడ్డకు సంబంధం ఉంది. హైదరాబాదులోని భారత ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. 1979లో దాని నమూనాను తయారుచేసింది. బెంగుళూరులోని బి.ఇ.ఎల్. సంస్థ కూడా తయారీలో పాలుపంచుకొంది. 1982 మే నెలలో కేరళలోని పరూరు శాసనసభా నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారిగా యంత్రంపై ఓట్లు పడ్డాయి. ఎన్నికకు ముందు యంత్రం వద్దని న్యాయస్థానానికి వెళ్లిన అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. ఓడిన ఎ.సి. జోస్ ఆ యంత్రాలను ఆక్షేపిస్తూ వ్యాజ్యం వేశాడు. యంత్రాల వాడకానికి చట్టంలో ఆధారం లేదని సర్వోన్నత న్యాయస్థానం 1984లో తీర్పు చెప్పి, ఆ 50 కేంద్రాలలో కాగితంపై తిరిగి పోలింగు జరిపించగా జోస్ విజేత అయ్యాడు. యంత్రంపై సందేహం యంత్రంతోపాటే పుట్టిందనడానికీ, ఓటమి వైపు నుండి చూచినప్పుడే ఆ సందేహం బలపడుతుందనడానికీ ఈ తొలి సంఘటనే తార్కాణం.

1988లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి యంత్రాలకు చట్టబద్ధత కల్పించారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశంలోని 543 నియోజకవర్గాలలోను అవే వాడుకలోకి వచ్చాయి. యంత్రంలో ప్రధానభాగాలు రెండు. కంట్రోల్ యూనిట్ అధికారి బల్లమీద ఉంటుంది. బ్యాలెట్ యూనిట్ తెరచాటున ఓటరు ముందుంటుంది. అధికారి మీట నొక్కి అనుమతిస్తేనే ఒక ఓటు పడుతుంది. బ్యాటరీతో పనిచేస్తుంది కనుక కరెంటు లేని గూడేనికీ చేరగలదు. దీనికి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. దౌర్జన్యపరులు కేంద్రాన్ని ఆక్రమించినా నిమిషానికి కొన్ని ఓట్లే వేయగలరు. ఈలోగా అధికారి మరొక మీట నొక్కి యంత్రాన్ని మూసివేయగలడు. చెల్లని ఓట్ల బెడద తగ్గింది, లెక్కింపు గంటలలో ముగుస్తోంది. ఇవి నిస్సందేహంగా గొప్ప లాభాలు.

లాభాలతోపాటు ఒక నష్టమూ వచ్చింది. విప్పిన అరచేయి మూసుకుపోయింది. కాగితాన్ని లెక్కించేటప్పుడు చదువురాని ఏజెంటు సైతం గుర్తును చూచి అభ్యంతరం చెప్పగలిగేవాడు. యంత్రంలోని చిప్‌లో ఏమి వ్రాసి ఉన్నదో పండితునికీ పామరునికీ సమానంగా అగోచరం. 2009 ఎన్నికల అనంతరం ఈ ఆక్షేపణ తీవ్రరూపం దాల్చింది. 2010లో హైదరాబాదుకు చెందిన ఒక సాంకేతిక నిపుణుడు అమెరికా, నెదర్లాండ్స్ దేశాల పరిశోధకులతో కలసి ఒక యంత్రాన్ని పరీక్షించి, అది చేతికి చిక్కినచో అంకెలు చూపే భాగాన్ని మార్చి ఫలితాన్ని తారుమారు చేయవచ్చునని ప్రదర్శించాడు. ఆ యంత్రాన్ని అపహరించారన్న అభియోగంపై పోలీసులు అతనిని అరెస్టు చేశారు. యంత్రాలు ముద్రలతో, కాపలాతో భద్రంగా ఉంటాయనీ, అన్యుల చేతికి చిక్కే అవకాశమే లేదనీ ఎన్నికల సంఘం వాదించింది. చిక్కితే ఏమగునో ఒక పక్షం చెప్పింది. చిక్కనే చిక్కదని మరొక పక్షం చెప్పింది. రెండు వాదాలూ ఒకదానికొకటి సమాధానం కాకపోవడం గమనింపదగినది.

అదే సంవత్సరం తెలంగాణ ప్రాంతంలో జరిగిన శాసనసభ ఉపఎన్నికలలో ఈ అవిశ్వాసం ఒక వింత రూపం ధరించింది. నాటి యంత్రం 64 మంది అభ్యర్థులకు మించి ఇముడ్చుకోలేదు. కాగితం మీదనే పోలింగు జరగాలని కోరినవారు అభ్యర్థుల సంఖ్య ఆ మేర దాటేటట్లు నామినేషన్లు వేయించారు. కొన్ని నియోజకవర్గాలలో కాగితపు బ్యాలెట్టు తిరిగి రాక తప్పలేదు. ప్రశ్నకు సమాధానం దొరకనిచోట ప్రజలు ఉపాయం వెదుకుతారు.

ఈ ఒత్తిడి ఫలించి ‘వీవీప్యాట్’ అనే ముద్రణ యంత్రం అదనంగా చేరింది. ఓటరు మీట నొక్కగానే, ఎంచుకొన్న అభ్యర్థి పేరూ గుర్తూ ముద్రించిన చీటీ అద్దం వెనుక 7 సెకన్లు కనిపించి, మూసిన పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో దీనిని తొలిసారి వాడారు. మరుసటి నెలలో సర్వోన్నత న్యాయస్థానం స్వేచ్ఛాయుతమైన ఎన్నికలకు కాగితపు ఆధారం అనివార్యమని తీర్పు చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఇది అమలయింది. చీటీలలో సగమైనా లెక్కించాలని నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రితో సహా 21 ప్రతిపక్షాల నాయకులు కోరగా, ప్రతి శాసనసభా విభాగంలో 5 కేంద్రాల చీటీలను యంత్రపు లెక్కతో సరిచూడాలని న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఎన్నికలలోనే నిజామాబాదు నియోజకవర్గంలో 185 మంది పోటీచేశారు. వారిలో అధికసంఖ్యాకులు పసుపు, ఎర్రజొన్న పంటలకు గిట్టుబాటు ధర కోరిన రైతులు. ఈసారి కాగితం రాలేదు. ఒక్కొక్క కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు బారులు తీర్చి పోలింగు జరిపారు.

ఆ సరిచూడడంలో బయటపడిన ఒక వ్యత్యాసం కడప జిల్లా మైదుకూరు విభాగానికి చెందినది. పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట వేసిన మాదిరి ఓట్లను అధికారి తుడిచివేయడం మరచాడు. తప్పు చేసింది యంత్రం కాదు, మనిషి. కాని ఆ తప్పు పట్టుబడింది కాగితం ఉండబట్టి. యంత్రాన్ని సమర్థించేవారికీ, శంకించేవారికీ ఈ చిన్న ఉదాహరణలో సమానమైన పాఠం ఉంది.

ఇతర దేశాల అనుభవం కూడా ఆలోచింపదగినదే. జర్మనీలోని రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో అక్కడ వాడిన ఓటు యంత్రాలు రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. మోసం జరిగిందని కాదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని సామాన్య పౌరుడు ఎన్నికలోని ముఖ్యఘట్టాలను స్వయంగా పరిశీలించే వీలు లేదని. ఉత్తర మేరూరు శాసనకర్తలు ఈ తీర్పును విని ఉంటే తల ఊపి ఉండేవారు. ఇక అమెరికాలో 2020 అధ్యక్ష ఎన్నిక అపహరణకు గురైందన్న ప్రచారం పెద్దఎత్తున సాగింది. జార్జియా రాష్ట్రంలో సుమారు 50 లక్షల కాగితపు ఓట్లను చేతితో తిరిగి లెక్కించగా విజేత మారలేదు. న్యాయస్థానాలలో వేసిన వ్యాజ్యాలు వరుసగా వీగిపోయాయి. అయినను 2021 జనవరి 6న ఒక గుంపు ఆ దేశపు శాసనసౌధంపై దాడికి తెగబడింది. ఆధారం చూపినా అంగీకరించని మనసుకు ఏ యంత్రమూ, ఏ కాగితమూ మందు కాజాలవు.

2024 ఏప్రిల్ 26న మన సర్వోన్నత న్యాయస్థానం కాగితపు బ్యాలెట్టుకు మరలాలన్న వాదననూ, చీటీలన్నింటినీ లెక్కించాలన్న కోరికనూ తిరస్కరించింది. అయితే అభ్యర్థుల గుర్తులను వీవీప్యాట్‌లోకి ఎక్కించే పరికరాలను ఫలితాల తరువాత 45 రోజులు భద్రపరచాలనీ, రెండు మూడు స్థానాలలో నిలిచిన అభ్యర్థులు కోరితే 5 శాతం యంత్రాల చిప్‌లను తయారీ సంస్థల ఇంజనీర్లు పరీక్షించాలనీ ఆదేశించింది. ఓడినవానికి ప్రశ్నించే హక్కు ఉన్నదని ఈ ఆదేశం గుర్తించింది.

మహాభారతంలో మాయాద్యూతం నిండుసభలో జరిగింది. అందరూ చూస్తూనే ఉన్నారు. పాచికలను పరీక్షించినవారు లేరు. చూడడం వేరు, పరీక్షించడం వేరు. అటుపిమ్మట ద్రౌపది సభను ఒక ప్రశ్న అడిగింది. పెద్దలు నిర్ణయం చెప్పలేకపోయారు. నోరు విప్పిన వికర్ణుని కర్ణుడు గద్దించాడు. ఆనాడు సభ గౌరవం పోయింది ప్రశ్న వల్ల కాదు, సమాధానం రాకపోవడం వల్ల.

తెలుసుకోగోరి అడిగేది సందేహం. తెలిసినా ఒప్పుకోనిది అపనింద. గెలిచినప్పుడు మౌనం వహించి ఓడినప్పుడు మాత్రమే యంత్రాన్ని నిందించేవారు ప్రజల నిజమైన సందేహానికి విలువ లేకుండా చేస్తారు. ప్రతి ప్రశ్ననూ కుట్రగా భావించే అధికారులు ఆ సందేహాన్ని పెంచి పోషిస్తారు. ఎండలో బారులు తీరి, వేలిపై సిరాచుక్కతో ఇంటికి మరలే ఓటరు కోరేది స్వల్పం: తన మీట నొక్కిన చప్పుడు తన ఎంపికగానే లెక్కకు చేరిందన్న ధైర్యం. ఆ ధైర్యాన్ని ఓటరు యాచించకూడదు. ఎన్నికల నిర్వాహకులే వేళ్లు చాచి, అరచేయి విప్పి చూపాలి.

కఠిన పదాలకు అర్థాలు

సంజాయిషీ = వివరణ, సమాధానం
పొసగించు = పొందికగా కలుపు
రుగ్మత = వ్యాధి, దోషం
తార్కాణం = నిదర్శనం
అగోచరం = కంటికి కనిపించనిది
ద్యూతం = జూదం
అపనింద = లేని దోషాన్ని మోపడం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఓటు రహస్యంగాను, లెక్క బహిరంగంగాను ఉండవలసిన ఆవశ్యకతను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. ఓటు యంత్రం వల్ల కలిగిన లాభనష్టాలను సమీక్షించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. ఉత్తర మేరూరు శాసనంలోని నియమం ఏమి బోధిస్తున్నది?
2. మైదుకూరు ఉదాహరణలోని పాఠం ఏమిటి?
3. సందేహానికీ అపనిందకూ గల భేదం వ్రాయండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఓటు యంత్రాన్ని తొలిసారి ఏ నియోజకవర్గంలో వాడారు?
2. వీవీప్యాట్ చీటీ ఓటరుకు ఎంతసేపు కనిపిస్తుంది?

సంధులు

సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
అత్యధికులు = అతి + అధికులు – యణాదేశ సంధి
దేశమంతటా = దేశము + అంతటా – ఉత్వసంధి

సమాసాలు

జయాపజయాలు – జయమును, అపజయమును – ద్వంద్వ సమాసం
అవిశ్వాసం – విశ్వాసం కానిది – నఞ్ తత్పురుష సమాసం
నాలుగు చెరగులు – నాలుగైన చెరగులు – ద్విగు సమాసం