షిఫ్ట్ డిలీట్ కొట్టినా ఫోటోలు దొరుకుతాయా?

ప్రశ్న: జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోటోలు, అక్క పెళ్లి వీడియోలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉండేవి. పొరపాటున షిఫ్ట్ డిలీట్ కొట్టాను. తిరిగి వస్తాయా?
– ఒక పాఠకుడు, అల్లవరం

జవాబు: చాలావరకు వస్తాయండి, ఆ డిస్క్‌లో ఇంకేమీ ఎక్కించకపోతే. డిలీట్ కొట్టగానే ఫోటో చెరిగిపోదు. అది ఉన్న చోటు ఖాళీ అని మాత్రమే డిస్క్ గుర్తుపెట్టుకుంటుంది. కొత్త ఫైలు వచ్చి అక్కడ చేరితేనే పాతది పోతుంది. అందుకే వెంటనే డిస్క్ తీసి పక్కన పెట్టండి. రికవరీ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేయాలి, దొరికినవి కూడా వేరే డిస్క్‌లోకే సేవ్ చేయాలి. చాలామంది నష్టపోయేది ఇక్కడే. పేర్లతో సహా కావాలంటే ముందు రెకువా అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అందులో దొరకనివి ఫోటోరెక్ వెతికిపెడుతుంది, కాకపోతే పాత పేర్లు రావు. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు కడితే ఇంకా మెరుగ్గా వస్తాయేమో అనుకోవచ్చు. కానీ కొత్త ఫైలు చేరిన చోటు నుంచి పాతదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. మీది ఎస్‌ఎస్‌డి అయితే ఆశ తక్కువే. అందులో ట్రిమ్ అనే ఏర్పాటు పనిచేస్తే ఖాళీ చోటును డిస్కే శుభ్రం చేసేసుకుంటుంది.

డిస్క్ టకటకమంటున్నా, కంప్యూటర్‌లో కనిపించకపోయినా, ఫార్మాట్ చేయమని అడిగినా సొంత ప్రయత్నాలు ఆపేయండి. డిస్క్‌ను బయట ఎవరినీ విప్పనివ్వకుండా నేరుగా డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి, ఖర్చు ముందే అడగండి.