గుమ్మంలో నిమ్మకాయ

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. మా బాబుకి పదకొండేళ్లు. రెండేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. రేవు దాటి నర్సాపురంలో చూపించాం, మాత్రలు వాడుతుంటే బాగా తగ్గింది. మొన్న తెల్లారేసరికి మా గుమ్మంలో కుంకం పూసిన నిమ్మకాయ పడి ఉంది. ఉపవాస కూడికకు వచ్చిన ఒక దైవజనుడు అది చిల్లంగి, అంటే చేతబడి అన్నారు. మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ పనేనట. దేవుని శక్తిని నమ్మితే మాత్రలు మానెయ్యమన్నారు. సువార్తలో చాంద్రరోగిని, అంటే మూర్ఛ రోగిని పట్టింది దయ్యమే కదా? మాత్ర వెయ్యడం అవిశ్వాసమా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఈ పూట మాత్ర వేసి రండి. తరవాత చదువుకోవచ్చు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తెరిపి లేకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. ఆపాలన్నా, తగ్గించాలన్నా ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. సరైన మందు క్రమం తప్పకుండా వాడితే పదిమందిలో ఏడుగురికి దాకా ఫిట్స్ రాకుండా పోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ బాబుకి తగ్గుతోందని మీరే రాశారు. ఆ తగ్గడం దేవుని చెయ్యి కాదని మీకెవరు చెప్పారు?

మీరు చెప్పిన చాంద్రరోగి కథ మత్తయి 17లో ఉంది, నిజమే. అదే మత్తయి 4వ అధ్యాయం చివర కూడా తీసి చూడండి. యేసు దగ్గరికి మోసుకొచ్చిన రోగుల పేర్లు చెబుతూ దయ్యాలు పట్టినవాళ్లను వేరుగా, చాంద్రరోగులను వేరుగా, పక్షవాతం వాళ్లను వేరుగా రాశాడు. ప్రతి మూర్ఛా దయ్యమే అయితే ఇన్ని పేర్లెందుకు? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మందుల సంచి గోదాట్లో పారేసి రమ్మని పౌలు ఆయనతో అన్నట్టు నేనెక్కడా చదవలేదు.

మీ రేవుకి అవతల నర్సాపురంలోనే బెతెస్ద కుష్ఠు ఆసుపత్రి ఉంది. కుష్ఠును ఎన్ని తరాలు శాపమన్నారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అది సూక్ష్మజీవి పని అని 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో మాత్రలు మింగితే నయమవుతోంది. మందు రాకముందే ఆ పుళ్లు కడిగి కట్టు కట్టిన చేతుల్లో సంఘం చేతులు చాలా ఉన్నాయి. చెడును గెలవడమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కట్టు గుడ్డలే. మైకు పట్టుకుని సాతానును గద్దించడం ఎప్పుడూ ఆ తరవాతే.

ఇక ముసలమ్మ సంగతి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది నిమ్మకాయ కాదు, ఆ ఒక్క వాక్యం. సాతాను అనే హెబ్రీ మాటకు ఎదిరించేవాడు, నేరం మోపేవాడు అని అర్థం. ప్రకటన 12లో అపవాదికి ఇచ్చిన బిరుదూ అదే. ఏ దిక్కూ లేని మనిషి మీద రుజువు లేని నేరం మోపినప్పుడు ఆ కూడికలో ఎవరి పని జరిగినట్టు? చిల్లంగి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల పేపర్లలోనూ చదివాం. ఎవరో దిష్టి తీసి రోడ్డు మీద పారేసిన కాయను కోడి తన్నినా మీ గుమ్మంలోకి దొర్లుతుంది. తీసి చెత్తలో వేసి చెయ్యి కడుక్కోండి. ఈ ఆదివారం పొట్టిక్కలు వేస్తే నాలుగు ఆమెకి పట్టుకెళ్లండి, పట్టపగలు, వీధంతా చూసేలా.

బాబుకి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ప్రశ్న: మా యూత్ రాత్రంతా మెలకువ ప్రార్థనలో ఊళ్లోని దురాత్మలను బంధిస్తారు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి దగ్గర, గుండాట దగ్గర ఉండేది కూడా వాళ్లే. ఏమనాలి?

జవాబు: ఏమీ అనొద్దు. కనుమ మర్నాడు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఎంత పోయిందో, ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చారో అడగండి. కోడి కాలికి కత్తి కట్టింది దురాత్మ కాదు, మనవాడే. 1974 నాటి జూద చట్టం కింద కూడా అది నేరమే.

ప్రశ్న: మా కూడికకు వచ్చేది ఇరవై మంది. రేకుల షెడ్డు. ఒకరు పంటు మీద, నలుగురు రొయ్యల చెరువుల మీద పనికి పోతే ఆదివారం ఉదయం సగం కుర్చీలు ఖాళీ. జనమంతా పట్నంలో పెద్ద సభలకు పోతున్నారు. దేవుని శక్తి అక్కడే ఉందా?

జవాబు: ముందు మన డెల్టాలో జరిగిన సంగతి వినండి. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు మీద ఇంగ్లండు బార్న్‌స్టేపుల్ నుంచి ఇద్దరు యువకులు భార్యలతో బందరులో దిగారు. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే పనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. నర్సాపురం, పాలకొల్లు పట్టుకుని ఏళ్ల తరబడి చెబుతూ పోయినా విన్నవాళ్లు కొద్దిమందే. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టాక బౌడెన్ అక్కడికెళ్లి కూలీల మధ్య కూర్చున్నాడు. ఊళ్లో ఎవరూ పక్కన కూర్చోనివ్వని మాలపల్లె జనం అక్కడ విన్నారు, విన్నదాన్ని మోసుకుని ఇళ్లకు పోయారు. గోదావరి డెల్టా మిషన్‌కు వేరు పట్టింది అలాగే. పని చేసే చోటికి ఆయన పోయాడు కానీ, పని మానుకుని వాళ్లను రమ్మనలేదు.

(ఆ తరవాత అదే సంఘాల్లో మళ్లీ మాలలకొకటి, మాదిగలకొకటి ఎలా లేచాయో వేరే ఉత్తరానికి దాచుకుంటాను. ఆ చెడును మనం ఇంకా గెలవలేదు.)

కాబట్టి కుర్చీలు లెక్కపెట్టడం ఆపి గడియారం చూడండి. పంటు మీద పనిచేసే ఆయన డ్యూటీ ఎన్నింటికి దిగుతుందో, చెరువుల మీద మేత వేళలేమిటో కనుక్కోండి. సాయంత్రం అయిదింటికి కుదిరేలా ఉంటే కూడిక అప్పటికి మార్చండి.