గుంటా, గుంటడా అని అడిగితే

మూలపేట, భావనపాడు వైపు ఏ ఇంట్లో పురుడొచ్చినా ముందు అడిగేది ఒకటే: గుంటా, గుంటడా? వెరావల్‌లో బోటు మీదున్న తండ్రి ఫోన్‌లో అడిగేదీ అదే. అలాంటప్పుడు నర్సమ్మ "డాక్టరు గారు చూశాక చెప్తాం" అంటే ఆ పురిటి మంచం మీద తల్లికి ఏమవుతుందో నేను ఊహించుకోగలను. అమ్మా, ఆ రోజు మీరు అనాల్సింది ఒక్కటే: "బిడ్డ బాగుంది, పరీక్షలు చేస్తున్నారు, తేలాక చెప్తాం." అందులో అబద్ధం లేదు, సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. జనన నమోదు 21 రోజుల్లోగా చేయించాలి గానీ, పేరు తర్వాతైనా చేర్పించుకోవచ్చు.

గ్రహణం నాడు బయట తిరిగిందనో, కోడలి వంశంలో ఉందనో ఎవరైనా అంటే అక్కడే ఆపండి. కడుపులో మొదటి ఆరేడు వారాలు ఆడైనా మగైనా ఒకేలా ఉంటారు. ఆ తర్వాతే క్రోమోజోములు, హార్మోన్లు కలిసి శరీరాన్ని ఒక దారి పట్టిస్తాయి. కొందరిలో ఆ దారి కాస్త వేరుగా సాగుతుంది. వాళ్లనే ఇంటర్‌సెక్స్ అంటున్నారు. ఇందులో చాలా రకాలున్నాయి, ఎక్కువ వాటితో ప్రాణానికి భయం లేదు.

భయపడాల్సింది ఒకటుంది, దాని గురించి నిదానంగా చెబుతాను. కిడ్నీ మాట వింటేనే ఉలిక్కిపడే ఉద్దానం మనది. ఇది ఆ జబ్బు కాదు. కిడ్నీ మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే లోపం. దాని వల్ల ఆడబిడ్డ అవయవం మగబిడ్డది లాగా కనిపించవచ్చు. అదే లోపం ఉన్న మగబిడ్డలో పైకి ఏమీ తెలియకపోవచ్చు. కొందరిలో ఒంట్లోని ఉప్పు నిలవదు. పుట్టిన ఒకటి రెండు వారాలకే బిడ్డ పాలు తాగదు, వాంతులు చేసుకుంటుంది, బరువు తగ్గి మగతగా పడి ఉంటుంది. పక్షిదోషమని తాయెత్తు కట్టించి కూర్చోవద్దు, గంటల మీద బిడ్డ చేజారిపోతుంది. టెక్కలికో పలాసకో పరుగెత్తండి, అక్కణ్నుంచి శ్రీకాకుళం రిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో పంపుతారు. రోజూ మాత్రలు వేస్తే, జ్వరమొచ్చినప్పుడు డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచితే, ఆ బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి రెండో కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడండి.

మందుల విషయంలో తొందర కావాలి, కత్తి విషయంలో వద్దు. "నలుగురికీ తెలిసేలోగా ఆపరేషన్ చేయించేద్దాం" అనిపించడం సహజం. మూత్రం సరిగ్గా రాకపోతే ఆపరేషన్ కావాలి, నిజమే. చూడ్డానికి ఆడలాగో మగలాగో ఉండాలని చేసేది మాత్రం ఆగగలదు. కోసేసింది తిరిగి రాదు, స్పర్శ పోవచ్చు, పెద్దయ్యాక ఆ బిడ్డ మనసు మనం ఎంచినదానికి ఒప్పుకోకపోవచ్చు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు పసిబిడ్డలకు ఇలాంటి ఆపరేషన్లు చేయొద్దని చెప్పింది. ఆ ఆగస్టులోనే తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప చేయకూడదని జీవో ఇచ్చింది. ఆ జీవో తమిళనాడుదే, కానీ అందులోని న్యాయం మన పిల్లలదీ. మీ డాక్టరును నేరుగా అడగండి: "ఇది ఇప్పుడు చేయకపోతే బిడ్డ ప్రాణానికో ఆరోగ్యానికో ఏమవుతుంది?"

కొందరిలో సంగతి పదిహేను, పదహారేళ్లకు బయటపడుతుంది. తోటి పిల్లలందరూ పెద్దమనుషులయ్యారు, మన అమ్మాయి కాలేదు. చుట్టాలు అడుగుతూనే ఉంటారు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట నమ్మకండి. ముందు డాక్టరుకు చూపించండి, తేలినది ముందు ఆ అమ్మాయికే చెప్పండి. తమిళనాడులో ఇటుక బట్టీ కూలీల బిడ్డ శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం తెచ్చింది. లింగ పరీక్ష చేసి పతకం లాగేసుకున్నారు, ఆ వార్త దేశమంతా టీవీల్లో మోగింది. తన ఒంటి సంగతి ఒక మనిషి లోకం నోట వినడం కంటే క్రూరత్వం నాకు తెలియదు.

ఒంట్లో ఏ తేడా లేకపోయినా "నేను అబ్బాయిని కాదు, అమ్మాయిని" అనే పిల్లలు వేరే ఉంటారు. అది మనసుకు తెలిసే సంగతి, కొట్టినా మొక్కినా మారదు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న వీళ్ల గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. ఆ కారణంగా బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని 2019 చట్టం చెబుతోంది. చట్టం చెప్పినా చెప్పకపోయినా, వెళ్లగొట్టిన బిడ్డ చేరేది రైలు పెట్టెల్లోకే అని మనకు తెలుసు. మాట్లాడాలంటే మీకే నోరు రాకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్లీ మాత్రలు వేసుకునే ఆ అడ్రినల్ లోపం బిడ్డ సంగతికి వద్దాం. ఆ బిడ్డకు చెప్పడం నాలుగైదేళ్లకే మొదలుపెట్టండి. "నీ ఒంట్లో తయారవ్వాల్సిన మందొకటి తక్కువ తయారవుతోంది, అందుకే ఈ మాత్ర" అంటే ఆ వయసుకు చాలు. పదేళ్లకు ఇంకొంచెం, పదిహేనేళ్లకు అంతా. పరీక్షల కాగితాలు, డిశ్చార్జి చీటీలు తడవకుండా ఒక కవర్లో పెట్టి ఉంచండి. రేపు చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లేటప్పుడు దాన్ని ఆ బిడ్డ చేతికే ఇవ్వాలి.