‘ఎన్ని రోజులు పడుతుంది?’ జవాబు చెప్పడం నేర్చుకోండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే ముందు గుర్తొచ్చేది బెంగళూరు. కోడింగ్ బాగానే నేర్చుకుని వెళ్తున్నారు. కానీ చేరిన కొత్తలో టీమ్ లీడ్ ‘ఈ పనికి ఎన్ని రోజులు పడుతుంది?’ అని అడగ్గానే చాలామంది మొహమాటపడి, ‘రెండు రోజుల్లో అయిపోతుంది సార్’ అనేస్తారు. ఆ మాట నమ్ముకునే లీడ్ క్లయింట్‌కు తేదీ చెప్పేస్తారు. పని ఆలస్యమైతే పోయేది మీమీద పెట్టుకున్న నమ్మకమే. కోడింగ్‌లాగే అంచనా వేయడమూ సాధనతో వచ్చే విద్య.

రెండు రకాల పని

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. కట్టినప్పుడు ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 1,000 కార్లన్నమాట. లైన్ మీద ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది కాబట్టి ఏ పనికి ఎంత సమయమో గడియారం పెట్టి కొలవచ్చు.

ధర్మవరం నేతన్నకు కొత్త డిజైన్ చూపించి ‘ఎప్పటికిస్తావన్నా?’ అని అడగండి. వెంటనే తేదీ చెప్పడు. అంచు ఎంత వెడల్పు, బుటాలు ఎంత దగ్గరగా రావాలి, కొంగులో జరీ ఎంత అని అడుగుతాడు. మగ్గానికి ఆ డిజైన్ అందించే జకార్డ్ అట్టలు ఉన్నాయా, కొత్తగా కొట్టించాలా అని చూసుకుంటాడు. తాను ఇంతకుముందు నేసిన చీరతో పోల్చుకుని, అప్పుడు చెబుతాడు. సాఫ్ట్‌వేర్ పని ఈ రెండో రకానిది. ప్రతి ఫీచర్‌లోనూ కొంత కొత్తదనం ఉంటుంది. అందుకే ఇక్కడ గడియారం కంటే పోలిక ఎక్కువ పనికొస్తుంది.

పోల్చి చెప్పే పద్ధతి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను తక్కువ వ్యవధిలో, తరచుగా అందించాలన్నది అందులోని ముఖ్య సూత్రాల్లో ఒకటి. ఆ దారిలో ఎక్కువ కంపెనీలు వాడే పద్ధతి స్క్రమ్. ఇందులో పనిని స్ప్రింట్లుగా విడగొడతారు. ఒక్కో స్ప్రింట్ నెలకు మించదు. చాలాచోట్ల రెండు వారాలే.

ధర్మవరంలోని ఒక పట్టుచీరల దుకాణానికి మీ టీమ్ ఆర్డర్ల యాప్ చేస్తోందనుకుందాం. పని ఎంత పెద్దదో చెప్పే కొలతగా లాగిన్ పేజీకి 2 స్టోరీ పాయింట్లు ఇచ్చారు. దాంతో పోలిస్తే ఆన్‌లైన్ చెల్లింపు ఎంత పెద్దది? అందరూ తాము అనుకున్న అంకె ఉన్న కార్డును ఒకేసారి చూపిస్తారు. దీన్నే ప్లానింగ్ పోకర్ అంటారు. ఒకరు 3 చూపించారు, ఇంకొకరు 8. ఎందుకంత తేడా? 8 చూపించిన అమ్మాయి, ‘డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే రీఫండ్ ఎలా?’ అని అడిగింది. ఆ సంగతి మిగతావాళ్లకు తట్టలేదు. అంకెకంటే ఆ ప్రశ్నే విలువైంది. కాబట్టి కొత్తవాళ్లు కూడా పక్కవాళ్ల కార్డు చూసి తమది మార్చుకోకూడదు.

ఇక తేదీ సంగతి. గత మూడు స్ప్రింట్లలో టీమ్ 18, 22, 20 పాయింట్ల పని పూర్తిచేసింది. మిగిలింది 80. అంటే 4 లేదా 5 స్ప్రింట్లు. రెండు వారాల స్ప్రింట్ అయితే 8 నుంచి 10 వారాలు. ఒకే తేదీ చెప్పడం కంటే ఇలా అటూ ఇటూ హద్దులు చెప్పడం నిజాయితీ. ఈ పాయింట్లతో ఒక టీమ్‌ను ఇంకో టీమ్‌తో పోల్చకూడదు. స్క్రమ్ అంటే ఏమిటో వివరించే స్క్రమ్ గైడ్‌లో అసలు స్టోరీ పాయింట్ల ప్రస్తావనే లేదు. అవి టీమ్ తన సౌకర్యం కోసం పెట్టుకున్న కొలత మాత్రమే.

ముందు ఏది ఇవ్వాలి?

అంచనా సరిగ్గా వేసి పనికిరానిది చేసిస్తే లాభం లేదు. ఆ దుకాణదారుకు రంగురంగుల రిపోర్టులు ఇప్పుడే అక్కర్లేదు. ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లు చీటీల్లో రాసుకుంటే అవి పోతున్నాయి, అదీ ఆయన బాధ. కొనేవారి పేరు, చీర నంబరు, ఇవ్వాల్సిన తేదీ నమోదయ్యే ఒక్క పేజీని మొదటి స్ప్రింట్‌లోనే చేతికిస్తే ఆ రోజు నుంచే ఆయనకు ఉపయోగం. సగం కారును ఎవరూ కొనరు గానీ, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే చిన్న భాగాన్ని ముందే ఇవ్వగలం. ఆయన వాడి చెప్పేదాన్ని బట్టి తర్వాతి పని మార్చుకోవచ్చు కూడా.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

‘ఎన్ని రోజులు?’ అని అడిగితే ముందు రెండు మూడు ప్రశ్నలు వేయండి. తర్వాత ఇలా చెప్పవచ్చు: ‘సార్, దీన్ని నాలుగు ముక్కలు చేస్తాను. మూడు నేను ఇంతకుముందు చేసినవే. నాలుగోది కొత్త. మొత్తం నాలుగు నుంచి ఆరు రోజులు అనుకుంటున్నాను. రెండో రోజు సాయంత్రానికి ఆ కొత్త భాగాన్ని పరీక్షించి, తేడా ఉంటే అప్పుడే చెబుతాను.’ టెస్టింగ్, సమీక్ష, సవరణల సమయాన్నీ ఇందులో కలపడం మరవద్దు.

ఇప్పుడే చేయాల్సినవి

- స్క్రమ్ గైడ్ ఉచితంగా దొరుకుతుంది. చిన్న పుస్తకమే, పూర్తిగా చదవండి.
- ఫైనలియర్ ప్రాజెక్టును చిన్న చిన్న పనులుగా విడగొట్టండి. ప్రతి పనికీ అంచనా, నిజంగా పట్టిన సమయం, తేడాకు కారణం ఒక నోట్‌బుక్‌లో రాయండి.
- మీ ఊళ్లో ఒక దుకాణానికో, మగ్గాల సంఘానికో ఉపయోగపడే చిన్న యాప్ చేసి, వాళ్లు వాడాక ఏమన్నారో రాసుకోండి.
- ఫ్రెషర్లు స్క్రమ్ సర్టిఫికెట్ కోసం అప్పు చేయనక్కర్లేదు. ఉద్యోగంలో చేరి, ఏడాది అనుభవం వచ్చాక ఆలోచించవచ్చు.

డెవలపర్, టెస్టర్, బిజినెస్ అనలిస్ట్, ఏ ఉద్యోగానికి వెళ్లినా అంచనాలు రాసుకున్న ఆ నోట్‌బుక్‌ను ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. అంచనా ఎక్కడ తప్పిందో, తర్వాతి పనిలో ఆ తప్పును ఎలా దిద్దుకున్నారో నోట్‌బుక్ చూపించి చెప్పగలిగితే, మీకు పని అప్పగించవచ్చన్న నమ్మకం ఎదుటివారికి కలుగుతుంది.