గోముఖం చూడాలంటే ఎన్ని రోజులు?

గంగ ఎక్కడ పుడుతుందని అడిగితే గంగోత్రి అని టక్కున చెప్పేస్తాం. నిజానికి గంగోత్రిలో ఉన్నది గుడి. నది ఇంకా 18 కిలోమీటర్ల పైనుంచి, గంగోత్రి హిమానీనదం కొసన ఉన్న గోముఖం నుంచి వస్తుంది. అక్కడ దాని పేరు భాగీరథి. దేవప్రయాగ దగ్గర అలకనందతో కలిశాకే గంగ అవుతుంది. ఈ వేసవిలో మా నాలుగు కుటుంబాలు కలిసి గోముఖం వెళ్లాలనుకున్నాం. పిల్లలమే అట్లాసు ముందేసుకుని ప్రణాళిక రాశాం. మొదటిసారి తప్పు రాశాం.

ఆ ప్రణాళిక ప్రకారం ఋషికేశ్ నుంచి బయలుదేరి మొదటి రాత్రి ఉత్తరకాశీలో, రెండో రాత్రి గంగోత్రిలో, మూడో రాత్రి భోజ్‌బాసాలో పడుకోవాలి. నాలుగో రోజు గోముఖం చూసి గంగోత్రికి దిగిపోవాలి. ఆరు రోజుల్లో మళ్లీ ఋషికేశ్. నాన్నల సెలవులకు సరిగ్గా సరిపోయింది.

తర్వాత ప్రతి ఊరి పక్కన సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి చూశాం. ఉత్తరకాశీ 1,158 మీటర్లు, గంగోత్రి దాదాపు 3,100, భోజ్‌బాసా దాదాపు 3,800. అంటే ఒక్క రోజులో 1,900 మీటర్లు, మర్నాడే ఇంకో 700! 4,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు 60 శాతమే. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదని వైద్యులు చెబుతారు. తొందరపడితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. అప్పుడు పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే. బలవంతులకు రాదనుకోవడం పొరపాటు. పరుగు పందెంలో ముందుండేవాడికీ రావచ్చు.

కొత్త ప్రణాళికలో 2,600 మీటర్ల ఎత్తున్న హర్సిల్‌లో ఒక రాత్రి చేర్చాం. గంగోత్రిలో ఒక రాత్రికి బదులు రెండు పెట్టాం. రెండో రోజు చెక్‌పోస్టు దాకా నడిచి వెనక్కి రావడమే పని. మొత్తం ఎనిమిది రోజులు. "రెండు రోజులు ఎక్కువెందుకురా?" అని అడిగిన నాన్నలకు ఎత్తుల పట్టిక చూపించాం.

ఈ దారి 1989లో ఏర్పడిన గంగోత్రి జాతీయ ఉద్యానవనంలో ఉంది. లోపలికి అటవీశాఖ అనుమతి కావాలి. రోజుకు 150 మందినే పంపుతారు కాబట్టి ముందే తీసుకోవాలి. చలికాలంలో ఉద్యానవనం మూసేస్తారు. జులై, ఆగస్టుల్లో వానలకు కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. అందుకే మే నెల ఎంచుకున్నాం.

బట్టలకు చిన్న లెక్క చేశాం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఉత్తరకాశీలో 30 డిగ్రీలుంటే గోముఖం దగ్గర మధ్యాహ్నమే 12 ఉంటుంది. రాత్రి సంగతి చెప్పక్కర్లేదు!

మాలో ఇద్దరిది రాజమండ్రి. వేసవిలో గోదావరిలో ఇసుక తిన్నెలు తేలతాయి కదా, మే నెలలో భాగీరథిలో మాత్రం నీళ్లెక్కడివని వాళ్ల సందేహం. గోదావరికి వాన ఆధారం. భాగీరథికి ఎండ కాసేకొద్దీ మంచు కరిగి నీరొస్తుంది. దారిలోని సెలయేళ్లు కూడా మధ్యాహ్నానికి పొంగుతాయి కాబట్టి వాటిని ఉదయమే దాటాలి. నీళ్లు తెల్లగా పాలలా కనిపించినా అది మంచు రంగు కాదు. హిమానీనదం జారుతూ నూరిన రాతిపొడి. హిమానీనదం కూడా తెల్లగా ఉండదట, పైనంతా రాళ్లు, మట్టి పరుచుకుని ఉంటాయి. కొసన మంచు పెళ్లలు విరిగిపడుతుంటాయి కాబట్టి దూరంగానే నిలబడి చూడాలి.

ఆ కొస కూడా ఒకచోట నిలవడం లేదు. 1935 నుంచి 1996 వరకు సుమారు 1,147 మీటర్లు వెనక్కి జరిగింది. ఏడాదికి దాదాపు 19 మీటర్లు, అంటే క్రికెట్ పిచ్ పొడవుకు కొంచెం తక్కువ. మా అట్లాసులో గోముఖం చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

ప్రణాళికలో చివరి గడి ఒకటి మిగిలింది: భోజ్‌బాసాలో ఎవరికైనా తలనొప్పి వస్తే వాళ్లతో ఎవరు కిందికి దిగాలి? పెద్దవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గోముఖం చూడాలని అందరికంటే ముందు అన్నది మా అమ్మల్లో ఒకరు. ఆవిడే పెన్ను తీసుకుని ఆ గడిలో తన పేరు రాశారు.