పాత దూలం పెట్టిన పరీక్ష

గత వేసవిలో క్లాసులో సగం మందికి ఇంటర్న్‌షిప్ దొరికింది. నాకు మా చిన్నాన్న దొరికాడు. ఆయన వడ్రంగి. మాది అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, వలలూ పడవలే ఎక్కువ. ఆ మధ్యలో మాది కర్రపని ఇల్లు.

అదే సమయానికి మా మామ్మ పెంకుటిల్లు విప్పి స్లాబు వెయ్యాలని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. ఆ కలప కొనడానికి లంబసింగి దగ్గర కొండమీద కాటేజీలు బాగుచేయిస్తున్న ఒకాయన వచ్చాడు. ఆయన ఫోన్లో స్విట్జర్లాండ్ కొండల్లోని ‘షాలే’ల ఫోటోలు ఉన్నాయి. షాలే అంటే వాలు కప్పుతో, చూరు బాగా ముందుకు పెట్టి కట్టే చెక్క ఇల్లు. ఆల్ప్స్ ప్రాంతంలో పాత పశువుల కొట్టాలు విప్పి, ఎండకీ మంచుకీ రంగు తిరిగిన ఆ పలకలనే షాలేల మరమ్మతుకు వాడతారు. కొత్త కర్ర కంటే వాటికే గిరాకీ. చిన్నాన్న ఫోటోలన్నీ చూసి, "ఇందులో కొత్తేటుంది? మన మామ్మింటి కర్రే కదా!" అన్నాడు.

అలా నెలరోజులు ఆయన దగ్గర చెయ్యికిందమనిషిగా పనిచేశాను. సివిల్ విద్యార్థిగా నాకు తెలుసనుకున్నవి ఎన్ని తెలియవో అక్కడ తేలింది. మనందరికీ పనికొస్తాయని ఆ పాఠాలు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అదీ దాచను.

ఒకటి: విప్పడం కూడా కట్టడమే

ఇల్లు కూలగొట్టడం వేరు, విప్పడం వేరు. గునపం పెట్టి కూలగొడితే రోజులో అయిపోతుంది, మిగిలేది వంటచెరకు. మేము కట్టిన వరుసకి సరిగ్గా వెనక నుంచి వచ్చాం. ముందు పెంకులు, తర్వాత పెండెబద్దలు, వాసాలు, దూలాలు, చివరికి స్తంభాలు, ద్వారబంధాలు. దించిన ప్రతి కర్ర మీదా సుద్దముక్కతో గుర్తు వేశాం. ఏ గదిది, ఏ వైపుది, పైముఖం ఏది అని. "పైముఖం ఎందుకు చిన్నాన్నా?" అంటే "తరవాత తెలస్తాదిలే" అన్నాడు. ఆ ‘తరవాత’ నా మీదే పడుతుందని అప్పుడు తెలీదు.

ఇలా విప్పి మళ్ళీ కట్టడం పెద్ద ఎత్తున చేసినవాళ్ళూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో బాలెన్‌బెర్గ్ అనే మ్యూజియం 1978లో మొదలైంది. దేశం నలుమూలల నుంచి వందకి పైగా పాత కట్టడాలను విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టారు. మనకి దగ్గర్లో అయితే చెన్నై శివార్లలోని దక్షిణచిత్ర. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళు అక్కడ చూడొచ్చు. మేకులతో కాకుండా కుసి, బెజ్జం పద్ధతిలో బిగించిన ఇళ్ళు కాబట్టే అది సాధ్యం. ఒక కర్ర చివర నాలుకలా చెక్కింది కుసి. అది దూరే రంధ్రం బెజ్జం. మధ్యలో కర్రచీల కొడితే బిగుస్తుంది. చీల తీస్తే వస్తుంది. మనం ఇప్పుడు ‘డిజైన్ ఫర్ డిస్అసెంబ్లీ’ అని ఎలెక్టివ్‌గా చదువుతున్నది ఇదే.

రెండు: కర్రని చదవడం

పాత కర్రని నేరుగా రంపం దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ముందు అయస్కాంతం పట్టుకుని నాలుగు ముఖాలూ తడమాలి. లోపల విరిగిపోయిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయి, ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. మా ఊళ్ళో ఉప్పుగాలికి మేకుల తలలు తుప్పుపట్టి రాలిపోయి, ఒళ్ళు మాత్రం లోపలే ఉండిపోతాయి. మేకు చుట్టూ కర్ర నల్లబడి ఉంటే అదే గుర్తు. ఇనుమూ, కర్రలోని వగరు పదార్థాలూ కలిస్తే ఆ నలుపు వస్తుంది.

తర్వాత సుత్తితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల డొల్ల. గోడలో దాగి ఉన్న చివర్లని దబ్బనంతో పొడిచి చూడాలి. దూలం నడుమ బాగానే ఉంటుంది, గోడలో చెమ్మ తగిలే చివర్లే ముందు పోతాయి.

ఇక చేవ. చెట్టు నడిమి భాగంలో ముదిరిన గట్టి కర్రని చేవ అంటాం. మనిషికి కూడా ‘చేవ ఉన్నవాడు’ అనే మాట దీని నుంచే వచ్చింది. టేకులో చేవకి చెదలు అంత తేలిగ్గా పట్టదు, చుట్టూ ఉండే తెల్ల చెక్కకి పట్టేస్తుంది. అందుకని టేకుని చెక్కేటప్పుడు బయటిది తీసేసి లోపలిది ఉంచుకుంటాం. పురుగు అనుమానం ఉంటే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పట్టిస్తాం.

ఇదే తెలివి తాటి వాసం మీద చూపించబోయాను. చిన్నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. తాడి టేకులాంటి చెట్టు కాదు. గడ్డి, కొబ్బరి, వెదురు ఉండే ఏకదళబీజ జాతి. దాని గట్టిదనమంతా బయటి అంచులో, నల్లటి నారలో ఉంటుంది. లోపలంతా మెత్తటి గుజ్జు. టేకులా చదరంగా చెక్కితే బలం పొట్టుతో పోతుంది, చేతిలో బెండు మిగులుతుంది. ఒకే కప్పు కింద ఎన్నో ఏళ్ళు కలిసి బరువు మోసిన రెండు కర్రలు ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు!

ఇంకో జాగ్రత్త. పాత రంగు ఉన్న తలుపుని పొడిగా గీకొద్దు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగులో ఎంత ఉందో కంటికి కనబడదు. తడిపి గీకాలి, మాస్కు ఉండాలి.

మూడు: నా తప్పు

మామ్మింటి నడిమి దూలం టేకు. పద్నాలుగు అడుగుల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు. తాతయ్య కష్టపడి కొన్నదని మామ్మ వందసార్లు చెప్పింది. కాటేజీ వరండాకి పది అడుగుల దూలం కావాలి. అంటే నాలుగడుగులు కొయ్యాలి.

చిన్నాన్న ఆ రోజు కలప తరలింపు అనుమతి పని మీద అటవీ శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. (పాత ఇంటి కలపైనా సరే, లారీ ఎక్కించే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి.) ఆయన వచ్చేలోగా పని చేసి చూపిద్దామని నేనే కొలిచి, గీత గీసి కుడివైపు నాలుగడుగులు కోసేశాను. కోత అద్దంలా వచ్చింది. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను.

ఆయన వచ్చి దూలాన్ని పక్కకి దొర్లించి, కిందిముఖం మీద మట్టి గోకాడు. ఎడమ చివర నుంచి అయిదడుగుల దగ్గర రెండంగుళాల లోతు బెజ్జం. ఒకప్పుడు అక్కడ అడ్డగోడ స్తంభం కుసి దూరేది. మట్టీ సున్నమూ నిండి కనబడలేదు. నేను కోసిన కోతకి అది సరిగ్గా పదడుగుల దూలానికి నట్టనడుమకి వచ్చింది.

రెండు చివర్లా ఆనిన దూలానికి వంపు ఒత్తిడి ఎక్కడ ఎక్కువ? నడుమ. ఏ ముఖం సాగుతుంది? కింది ముఖం. ఎస్‌ఓఎం పరీక్షలో ఈ బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. వంపు బలం లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిది అంగుళాల్లో రెండు పోతే మిగిలింది ఆరు. ఆరు బై ఎనిమిది, దాని వర్గం 0.56. అంటే అక్కడ దాదాపు 44 శాతం బలం లేనట్టే.

నాలుగడుగులూ ఎడమవైపు నుంచి కోసి ఉంటే? బెజ్జం చివరికి అడుగు దూరంలోకి వెళ్ళేది. అక్కడ వంపు చాలా తక్కువ. షియర్ ఎక్కువే గానీ, బెజ్జంలో చెక్క బిగించి, స్తంభం తల మీద ఇంకో అడ్డచెక్క ఇస్తే సరిపోయేది. కర్ర అదే, రంపం అదే, పొడవు అదే. ఏ చివర అన్నదొక్కటే తేడా.

"తిరగేసి పెడదామా?" అన్నాను. పైముఖం నిండా వాసాలు కూర్చోడానికి చెక్కిన గాట్లున్నాయి. తిరగేస్తే అవన్నీ సాగే వైపుకి వస్తాయి. సుద్దతో పైముఖం ఎందుకు గుర్తు పెట్టించాడో అప్పుడు అర్థమయింది.

చిన్నాన్న తిట్టలేదు. "కొత్త కర్రయితే నీ గీతే గీత. పాత కర్ర మీద నీకంటే ముందు ఇంకోడు గీసుంటాడు. ముందది సూడాల," అని ఊరుకున్నాడు. వరండాకి వేరే దూలం కొన్నారు. మామ్మింటి దూలం రెండు బల్లలయింది.

నాలుగు: కొండ మీద తేమ

అడ్డరోడ్డు దగ్గర హైవే దిగి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కితే లంబసింగి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, శీతాకాలం పొగమంచుకి పేరు. చెట్టు కొట్టి ఎన్నాళ్ళయినా కర్ర గాలిలోని తేమని పీల్చి వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటే కర్రలో తేమ 12 శాతం దగ్గర కుదురుకుంటుంది, 80 శాతం ఉంటే 16 దగ్గర. పొడవులో మార్పు దాదాపు ఉండదు, ఉన్నదంతా వెడల్పులోనే. 300 మిల్లీమీటర్ల టేకు పలకలో తేమ నాలుగు శాతం పెరిగితే వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది.

మే నెల ఎండలో బిగుతుగా కూర్చోబెట్టిన తలుపు వానాకాలంలో ఎందుకు తెరుచుకోదో ఇప్పుడు తెలిసిందిగా? అందుకే పాతకాలం తలుపులో పలకని చట్రం గాడిలో వదులుగా కూర్చోబెడతారు, జిగురు పెట్టరు. పలక ఊపిరి తీసుకుంటుంది, చట్రం కదలదు. మేము తెచ్చిన కలపని కూడా వెంటనే బిగించకుండా, కాటేజీలోనే మధ్యలో సన్నబద్దలు పెట్టి పేర్చి, అక్కడి గాలికి అలవాటు పడనిచ్చాం.

అయిదు: ఇదంతా ఎందుకు?

పాత కర్ర చవక అనుకుంటే పొరపాటు. కర్ర ధర తగ్గుతుంది, కూలి పెరుగుతుంది. మేకులు పీకడానికే రోజులు పడతాయి. అయినా ఎందుకంటే, ఒక లెక్క చూడండి. ఆ దూలం బరువు సుమారు 57 కిలోలు. తేమ తీసేస్తే 51. అందులో సగం కార్బన్, అంటే 25 కిలోల పైమాటే. దాన్ని 44 బై 12తో హెచ్చిస్తే 90 కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడ్. కాల్చినా, కుళ్ళబెట్టినా అది గాలిలో కలుస్తుంది. బల్లగా ఉన్నన్నాళ్ళూ అందులోనే ఉంటుంది.

ఈ లెక్క నేను మామ్మకి చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ తాత దూలం ఎక్కడెట్టారు?" అని. తప్పు కోశానని చెప్పాను. బల్లలయిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నలుగురూ కూకుంటారు కదా," అంది.

గడపని మాత్రం ఆవిడ అమ్మనివ్వలేదు. స్లాబింటికి అది నాలుగంగుళాలు పొడవు ఎక్కువయింది. చిన్నాన్న రంపం నా చేతికిచ్చి, తను వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి ముందు దాన్ని దొర్లించి నాలుగు ముఖాలూ చూశాను. మట్టి గోకాను. అయస్కాంతం పట్టాను. తలుపు ఇరుసు తిరిగిన గుంటలు రెండూ ఎక్కడున్నాయో కొలిచాను. తర్వాతే గీత గీశాను.