జపాను వంటకత్తి: మచ్చలు, వానిని దిద్దు విధము

కత్తిమీద మచ్చ కనబడినతోడనే దానిని సానరాతిపై రుద్దవలెనని తోచుట సహజము. కాని రాతిపై అరిగిపోయిన యుక్కు మరల రాదు. మచ్చ లన్నియు దోషములు కావు. దోషము లన్నియు రుద్దుటచే పోవునవియు కావు. కావున మొదట తెలిసికొనవలసిన సంగతులు రెండు: ఆ మచ్చ యెంత లోతైనది? వాదరకు, అనగా పదునంచునకు, ఎంత దూరమున నున్నది?

కత్తి నిర్మాణము

జపానులోని ఓసాకా ప్రాంతమున సకాయి యను పట్టణము వంటకత్తులకు ప్రసిద్ధము. అచ్చట కమ్మరి వేఱు, సానపట్టువాడు వేఱు, పిడి తొడుగువాడు వేఱు. పెక్కు కత్తులలో మెత్తని యినుమునకు గట్టి యుక్కును కొలిమిలో కాచి యతుకుదురు. ఇనుమును జిగనె యనియు, ఉక్కును హగనె యనియు వారందురు. పదును నిలుపునది ఉక్కు. కత్తి విఱుగకుండ కాపాడునది యినుము. చుట్టు కాగితపు రంగునుబట్టి 'తెల్లకాగితపు ఉక్కు' అని పిలువబడు దాని 2వ రకమునందు నూటికి 1.05 మొదలు 1.15 పాళ్లవఱకు కర్బనము గలదు. అందుచే మంచి పదును వచ్చును. త్రుప్పును అడ్డుటకు చాలినంత క్రోమియము లేనందున త్వరగా త్రుప్పు పట్టును.

చేపమాంసమును పలుచగా కోయు యానగిబా కత్తికి ఒక్క ప్రక్కనే వాలు గలదు. వెనుక ప్రక్క నడుమ కొంచెము పల్లముగా నుండును.

మచ్చల భేదములు

(1) రంగు. పులుపు వస్తువులను కోసినపుడు నీలి, బూడిద, నలుపు వన్నెలు పుట్టును. పుల్లమామిడికాయ కోసిన పిదప మన కత్తిపీట అలుగు నల్లబడుట యిట్టిదే. ఇది తాకిన నునుపుగా నుండును. గుడ్డకు ఎఱుపు అంటదు. ఎఱ్ఱత్రుప్పును కొంతవఱకు అడ్డు నీ పొరను తీయ నక్కఱలేదు.

(2) ఎఱ్ఱత్రుప్పు. ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిసి పుట్టించునది. గరుకుగా నుండి గుడ్డకు అంటును. ఆలసించినకొలది లోతునకు దిగును గనుక ఆ దినముననే తీయవలెను. రాపిడిపొడి కలిపిన రబ్బరుముక్కను తడిపి, పదునంచునకు వ్రేళ్లు తగులకుండ అలుగు పొడవున రుద్దిన చాలును.

(3) గుంటలు. త్రుప్పు పోయినను కొన్నిచోట్ల నల్లని చుక్కలు మిగులును. ఇవి అలుగు నడుమ నున్నయెడల కోతకు హాని లేదు. వానిని పూర్తిగా పోగొట్టబూనిన అలుగంతయు పలుచబడును. వాదర చెంతనున్న గుంట యట్టిది కాదు. సానపట్టినకొలది వాదర వెనుకకు జరిగి ఒకనాడు ఆ గుంటను చేరును. అచ్చట అంచు నొక్కుపడును. యానగిబా వెనుక ప్రక్కన అంచుచెంత నున్న గుంట మఱింత చెఱుపు. ఏలయన, వాలును వెనుక ప్రక్కయు కలియుచోటనే వాదర యేర్పడుచున్నది.

(4) పల్లము. వాలునంతయు సానపట్టినను ఒకచోట మాత్రము రాతి గీతలు పడకుండుట దీని గుఱుతు.

(5) పగులు. ఇనుము, ఉక్కు కలియు గీత సహజమైనదే. గోటితో గీచిన తగులదు. గోరు తగిలినను, నూనె పూసి తుడిచిన పిదప గీతనుండి నూనె మరల ఊరినను, పగులని అనుమానింపవలెను. అట్టి కత్తిని వాడుట మాని నేర్పరియైన పనివానికి చూపవలెను.

దిద్దు విధము

సానరాయి సమముగా నున్నదో లేదో ముందు చూడవలెను. పల్లమైన రాయి కత్తికి తన వంకరనే యిచ్చును. 1000 అంకెగల రాతిని తడిపి, జాఱకుండ తడిగుడ్డపై నుంచుము. వాలునంతయు రాతికి ఆనించి సమానమైన ఒత్తిడితో నడుపుము. పల్లమున్నచోటనే ఒత్తకుము, ఒత్తినయెడల దానిచుట్టు మఱియొక వంకర పుట్టును. లోతులేని పల్లము పలుమాఱులు సానపట్టగా తనంతట పోవును. వెనుక ప్రక్కను సన్నరాతిపై బల్లపరుపుగా నుంచి నాలుగైదు మాఱులు మాత్రమే నడుపుము. ఎక్కువ రుద్దినచో నడిమి పల్లము చెడును.

పని ముగిసిన పిదప కడిగి, పొడిగా తుడిచి, పలుచగా నూనె పూయవలెను. జపానువారు దీనికి త్సుబాకి గింజల నూనె వాడుదురు.

చుక్కలున్నను దళసరి తఱుగని కత్తి పెక్కేండ్లు పనిచేయును. మెఱుగుకొఱకు అరగదీసిన కత్తి ఆయుస్సు తఱుగును. కావున రాయి పట్టుకొనకముందు కన్నును, వ్రేలిని, గోటిని ఉపయోగించి పరీక్షించుట నేర్చుకొనుడు.